నడిదారి కరెంటు పని: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో వాహనాల వైరింగ్ చరిత్ర

వాహనాల వైరింగ్ పని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో రోడ్డును ఆనుకుని పెరిగిన వృత్తి. హైదరాబాద్ నుంచి విజయవాడకు దాదాపు 275 కిలోమీటర్లు. సూర్యాపేట దాదాపు నడిమధ్యన ఉంది, కోదాడ విజయవాడ వైపు మరో 40 కిలోమీటర్లకు పైగా దూరాన ఉంది. ఈ రెండు పట్టణాలకూ రైలు లేదు. బియ్యం, సిమెంటు, మనుషులు అన్నీ టైర్ల మీదే కదిలాయి. హైదరాబాద్‌లో పుత్లీబౌలి, విజయవాడలో ఆటోనగర్ పెద్ద మరమ్మతు కేంద్రాలుగా ఎదిగినా, నడిదారిలో రాత్రి రెండింటికి హెడ్‌లైట్లు ఆరిపోయిన లారీకి అవి రెండూ దూరమే. ఆ దూరమే ఈ పట్టణాల మిస్త్రీలకు బతుకుతెరువు చూపింది.

దారి మాత్రం పాతది. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు కుతుబ్‌షాహీల కాలంలో సాగిన వర్తకం ఈ ప్రాంతం మీదుగానే నడిచింది. నిజాం పాలనలో కోదాడ దాటితే జగ్గయ్యపేట, అంటే బ్రిటిష్ వారి కృష్ణా జిల్లా. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని 27 బస్సులతో మొదలుపెట్టింది. అప్పటి వాహనాల్లో కరెంటుతో పనిచేసే భాగాలు కొన్నే. అమెరికాలో 1912లోనే కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ వచ్చినా, ఇక్కడి రోడ్ల మీద ఇంజిన్‌ను ముందునుంచి హ్యాండిల్ తిప్పి లేపడం తర్వాత కూడా చాలా ఏళ్లు మామూలే. బ్యాటరీ చచ్చినా బండి కదిలేది కాబట్టి కరెంటు పని అని వేరే వృత్తి అవసరపడలేదు. ఇంజిన్ చూసే మిస్త్రీయే వైరు కూడా ముడివేసేవాడు.

ఆ పని విడిపోవడానికి కారణం డీజిల్ లారీ. 1951లో బెంగళూరులో వాహన విడిభాగాలు చేసే మైకో, 1954లో జంషెడ్‌పూర్‌లో మెర్సిడెస్-బెంజ్ సహకారంతో టెల్కో లారీలు, 1955 నుంచి మద్రాసులో అశోక్ లేలాండ్, 1961లో మద్రాసులోనే వాహనాల కరెంటు భాగాలు చేసే లూకాస్-టీవీఎస్ వచ్చాయి. ఈ పేర్లు లేకుండా దక్షిణాది రోడ్ల చరిత్ర చెప్పలేం. డీజిల్ ఇంజిన్‌కు ప్లగ్గులో నిప్పురవ్వ అక్కర్లేదు, కానీ దాని కుదింపు ఎక్కువ. చేత్తో తిప్పి లేపడం కష్టం. బలమైన సెల్ఫ్ మోటారు, దాన్ని తిప్పే పెద్ద బ్యాటరీ, ఆ బ్యాటరీని నింపే డైనమో, ఈ మూడింట్లో ఏది తప్పినా లారీ ఉన్నచోటే ఆగిపోతుంది. పైగా సరుకు లారీలు నడిచేది ఎక్కువగా రాత్రిపూట. రెండు వరుసల ఇరుకు రోడ్డు మీద ఎదురుగా వచ్చే బండికి డిప్పర్ కొట్టలేని లారీని ఏ డ్రైవరూ ముందుకు తీసుకెళ్లడు. సెల్ఫ్, డైనమో, లైట్ల పని మాత్రమే చేసే చిన్న దుకాణాలు పెట్రోలు బంకుల పక్కన, లారీలు ఆగే హోటళ్ల దగ్గర వెలిశాయి.

డైనమో కాలపు పని ఎక్కువగా కళ్లతోనూ చేతులతోనూ చేసేది. డైనమో లోపల తిరిగే ఆర్మేచర్ మీద రాగి కమ్యూటేటర్, దాన్ని ఒరుసుకునే కార్బన్ బ్రష్‌లు ఉంటాయి. బ్రష్ అరిగితే ఛార్జింగ్ పోతుంది. కమ్యూటేటర్ నల్లబడితే దాన్ని సన్నటి గరుకు కాగితంతో రుద్ది, రాగి బిళ్లల మధ్యనున్న మైకాను రంపపు బ్లేడు ముక్కతో లోతుగా గీరాలి. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో వోల్టేజి బ్యాటరీ కన్నా తక్కువవుతుంది. ఆ సమయంలో కరెంటు వెనక్కి పారకుండా కటౌట్ అనే స్విచ్చి దారిని తెంచుతుంది. కటౌట్ పాయింట్లు అతుక్కుపోతే బ్యాటరీ రాత్రికి రాత్రి ఖాళీ అవుతుంది, డైనమో కూడా కాలిపోవచ్చు. డ్యాష్‌బోర్డు మీద అమ్మీటరు ముల్లు ఎటు వాలిందో చూసి తప్పు బ్యాటరీదా, డైనమోదా, కటౌట్‌దా అని చెప్పగలిగిన మిస్త్రీకి డ్రైవర్లలో మంచి పేరు ఉండేది. కాలిన ఆర్మేచర్‌కు కొత్త రాగితీగ చుట్టడం ఇంకా పెద్ద పని. వరుస తప్పకుండా, చుట్ల లెక్క తప్పకుండా చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టాలి. రివైండింగ్ ఓర్పుతో కూడిన నైపుణ్యం. దానికి తగిన గుర్తింపు ఎన్నడూ రాలేదు.

మిర్యాలగూడ కథ కాలువతో మొదలవుతుంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల మెట్టపొలాలు వరి మాగాణులయ్యాయి. వరి వెంట రైస్ మిల్లులు, మిల్లుల వెంట లారీలు, పొలాల వెంట ట్రాక్టర్లు వచ్చాయి. మిల్లులో మోటారు కాలితే చుట్టేవాడు, ట్రాక్టరు సెల్ఫ్ పోతే విప్పేవాడు చాలాచోట్ల ఒకే చెట్టు కిందివాళ్లు, ఒక్కోసారి ఒక్క మనిషే. 1980లలో వాడపల్లి, మఠంపల్లి ప్రాంతాల్లో సున్నపురాయి గనుల పక్కన సిమెంటు ఫ్యాక్టరీలు పుంజుకోవడంతో లారీల రాకపోకలు మరింత పెరిగాయి. వాడపల్లి దగ్గర బి.వి.రాజు నిర్మించిన రాశి సిమెంట్ ఆ కాలపు పెద్ద పేరు. 1998లో అది ఇండియా సిమెంట్స్ చేతికి వెళ్లింది. బీబీనగర్-గుంటూరు రైలుమార్గం మిర్యాలగూడ మీదుగా వచ్చినా, మిల్లు నుంచి గోదాముకు, ఫ్యాక్టరీ నుంచి దుకాణానికి లారీయే దిక్కు.

ట్రాక్టరు వైరింగ్‌కు దానిదైన కష్టాలున్నాయి. దమ్ములో బురదనీరు డైనమోలోకి, సెల్ఫ్‌లోకి చేరుతుంది. పంటకాలం అయ్యాక షెడ్డులో నెలలు నిలబడితే వడ్ల కోసం వచ్చిన ఎలుకలు వైర్లు కొరుకుతాయి. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండకు వైరు తొడుగు గట్టిపడి పగులుతుంది. ట్రాలీ వెనుక లైటుకు వెళ్లే వైరు ఊడినా నాగలికి, కేజ్‌వీల్‌కు అడ్డం కాదు కాబట్టి రైతు పట్టించుకోడు. చీకటిపడ్డాక వెనుక లైటు లేని ట్రాలీని గుద్దుకుని పోయిన ప్రాణాలు ఈ రోడ్ల మీద ఎన్నో. పది నిమిషాల పని, ఒక బల్బు, రెండు మీటర్ల వైరు ఆ ప్రాణాలను కాపాడేవి. వృత్తిగా చూసినప్పుడు వైరింగ్ పనిలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదేనని చెప్పాలి.

పని నేర్చుకోవడం బడిలో జరగలేదు. పన్నెండు పదమూడేళ్ల పిల్లవాడు ఉస్తాద్ దగ్గర చేరి మొదట నట్లు కడగడం, తర్వాత బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయడం, ఆ తర్వాత టెర్మినళ్లకు పట్టిన తెల్లటి పొడిని వేడినీళ్లతో కడిగి గ్రీజు రాయడం చేసేవాడు. సోల్డరింగ్ చేతికి రావడానికి ఏళ్లు పట్టేది. పుస్తకాలు, సర్క్యూట్ బొమ్మలు ఉండేవి కావు. ఉన్నా ఇంగ్లిషులో ఉండేవి. ఐటీఐల్లో శిక్షణ పొందినవారు తర్వాత వచ్చినా, దుకాణాల్లో చేతిపాఠమే చాలాకాలం నడిచింది. చదువుకోవాల్సిన వయసులో పిల్లలు పానాలు పట్టారన్నది ఈ చరిత్రలో దాచకూడని భాగం. వాళ్లలో కొందరు చేతులకు యాసిడ్ మచ్చలతో పెద్దవాళ్లయ్యారు.

ఆ చేతిపాఠంలో ముఖ్యమైన పనిముట్టు టెస్ట్ ల్యాంపు. ఒక చిన్న బల్బు, రెండు వైర్లు, ఒకదానికి క్లిప్పు, రెండోదానికి మొన. క్లిప్పును బండి బాడీకి పెట్టి, మొనను బ్యాటరీ పాజిటివ్ దగ్గర తాకిస్తే బల్బు వెలగాలి. అక్కడినుంచి ఫ్యూజుకు ముందు, ఫ్యూజు తర్వాత, స్విచ్చికి ముందు, స్విచ్చి తర్వాత, చివరకు లైటు దగ్గర ఇలా ఒక్కో చోట ముట్టిస్తూ పోవాలి. ఎక్కడ వెలగడం ఆగిందో దానికీ, అంతకుముందు చూసిన చోటికీ మధ్యనే దారి తెగింది. లైటు దగ్గరిదాకా బల్బు వెలుగుతున్నా హెడ్‌లైటు రాకపోతే తప్పు పోయే దారిలో కాదు, తిరిగొచ్చే దారిలో ఉంది. దాన్నే ఎర్త్ పోయిందంటారు. వాహనంలో ప్రతి దీపానికీ రెండు వైర్లు ఉండవు. ఒక వైరు వెళ్తుంది, ఇనుప ఛాసిస్ రెండో వైరులా పనిచేస్తుంది. బోల్టు కింద తుప్పు పట్టినా, కొత్తగా రంగు వేసినా ఆ దారి మూసుకుపోతుంది. బాడీ కట్టించి రంగు కొట్టించిన లారీకి మొదటి రోజే లైట్లు మసకబారడానికి చాలాసార్లు అసలు కారణం అదే. బోల్టు విప్పి రంగు గీకి బిగిస్తే చాలు. ఫ్యూజు పదేపదే పోతుంటే ఫ్యూజు స్థానంలో బల్బును పెట్టేవారు. షార్ట్ ఉన్నంతసేపు అది నిండుగా వెలుగుతుంది. ఒక్కో వైరు ఊడదీస్తూ పోతే ఏ వైరు తీసినప్పుడు బల్బు ఆరిందో ఆ వైరుదే షార్ట్. ఫ్యూజుకు బదులు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టే అలవాటు కూడా రోడ్ల మీద ఉండేది. మంచి మిస్త్రీలు దాన్ని చూస్తే వెంటనే పీకేసేవారు, ఎందుకంటే ఆ కాగితం కాలదు, దాని బదులు వైరింగ్ కాలుతుంది.

రంగుల లెక్క ఈ వృత్తిలో రెండు తరాలను విడదీసింది. అంబాసిడర్ కార్లు, వాటి కాలపు బ్రిటిష్ తరహా బండ్లు లూకాస్ పద్ధతి పాటించాయి. నలుపు ఎర్త్, గోధుమ బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, తెలుపు తాళం తిప్పితే వచ్చేది, నీలం హెడ్‌లైటుది. పాత బ్రిటిష్ బండ్లలో కొన్నింటికి పాజిటివ్‌ను బాడీకి కలిపేవారు. అది గమనించక బ్యాటరీ తిరగేసి బిగిస్తే డైనమో దెబ్బతినేది. 1980లలో జపాన్ యంత్రాలు వచ్చాయి. హైదరాబాద్ ఆల్విన్ సంస్థ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న లారీలు చేసింది. 1985లో హీరో హోండా బైకులు వచ్చాయి. హోండా పద్ధతిలో పచ్చ ఎర్త్, ఎరుపు బ్యాటరీ, నలుపు తాళం తర్వాత వచ్చే పాజిటివ్. అంబాసిడర్ మీద చేయి తిరిగిన మిస్త్రీ హీరో హోండా నల్ల వైరును అలవాటుగా బాడీకి కలిపితే ఫ్యూజు పోవడం ఖాయం. పాత మిస్త్రీలు దుకాణాల్లో లారీలకు పరిమితమై, బైకులు కొత్త కుర్రాళ్ల చేతికి వెళ్లడానికి ఇదొక కారణం.

బైకుల్లో మరో మార్పు కూడా వచ్చింది. బ్యాటరీ లేని పాత స్కూటర్లలో హెడ్‌లైటు ఇంజిన్ వేగాన్ని బట్టి పెరిగేది, తగ్గేది. నిప్పురవ్వ పుట్టించే ప్లాటినం పాయింట్ల సందును ఫీలర్ గేజ్‌తో సరిచేయడం, కండెన్సర్ మార్చడం అప్పటి రోజువారీ పని. వాటి స్థానంలో సీడీఐ పెట్టె వచ్చింది. అది మూసి ఉండే వస్తువు, విప్పి బాగుచేసేది కాదు. నిప్పురవ్వ రాకపోతే స్టేటర్ కాయిల్‌ను, వైరును, ఎర్త్‌ను చూసి, అన్నీ బాగుంటే పెట్టెను మార్చడమే. ఇదే కాలంలో లారీల్లో డైనమో స్థానాన్ని ఆల్టర్నేటర్ తీసుకుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరిగినా అది ఛార్జి చేయగలదు, డయోడ్లుంటాయి కాబట్టి కటౌట్ అక్కర్లేదు. భారీ వాహనాలు క్రమంగా 24 వోల్టులకు మారాయి. టెస్ట్ ల్యాంపు పక్కన మల్టీమీటరు చేరింది. పూర్తిగా ఛార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ నిలకడగా 12.6 చూపాలి. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య చూపాలి. ఈ అంకెలు మిస్త్రీలకు బట్టీ అయ్యాయి. బ్యాటరీల రంగంలోనూ తెలుగు పేరు ఒకటి నిలబడింది. గల్లా రామచంద్రనాయుడు 1985లో తిరుపతి కేంద్రంగా స్థాపించిన అమరరాజా తర్వాతి కాలంలో అమరాన్ పేరుతో వాహన బ్యాటరీలు తెచ్చింది. నీళ్లు పోయాల్సిన అవసరం లేని బ్యాటరీలు వ్యాపించాక హైడ్రోమీటరు పట్టుకునే పని, డిస్టిల్డ్ వాటర్ సీసాల అమ్మకం తగ్గిపోయాయి.

కోదాడకు సరిహద్దు రెండుసార్లు వచ్చింది. 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రపు అంచుగా ఉండి, ఆంధ్రప్రదేశ్ ఏర్పాటుతో ఆ గీత చెరిగిపోయింది. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర మళ్లీ గీత పడింది, చెక్‌పోస్టులు వచ్చాయి. వరుసలో గంటలకొద్దీ లైట్లు వేసుకుని నిలబడిన లారీల్లో బ్యాటరీలు దిగిపోవడం సహజం. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోవడంతో ఆ వరుసలు తగ్గాయి. అంతకుముందే, 2012లో హైవే నాలుగు వరుసలు అయినప్పుడు మరో పెద్ద మార్పు జరిగింది. పాత 9వ నంబరు జాతీయ రహదారి అప్పటికే 65 నంబరు తెచ్చుకుంది. బైపాస్‌ల మీదుగా వాహనాలు ఊరి బయటే పోవడం మొదలైంది. ఊరి నడుమ రోడ్డు మీదున్న దుకాణాలకు పోయే లారీలు తగ్గాయి. కొందరు మిస్త్రీలు బైపాస్ పక్కకు మారారు, కొందరు ఊళ్లోనే ఉండి ఆటోలు, 2005లో వచ్చిన టాటా ఏస్ బండ్లు, బైకులు చూసుకున్నారు.

2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకులకు హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగే ఉండాలన్న నిబంధన వచ్చింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ఉద్గార ప్రమాణాలు రావడంతో చిన్న బైకులకూ ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు, సెన్సర్లు వచ్చాయి. ఇప్పుడు స్కానర్ లేకుండా కొన్ని తప్పులు దొరకవు. అయితే స్కానర్ సెన్సర్ పేరు చెబుతుంది గానీ, ఆ సెన్సర్‌కు వెళ్లే వైరు ఎక్కడ తెగిందో చెప్పదు. 2024 సెప్టెంబర్ 1న కోదాడ ప్రాంతాన్ని వాన ముంచెత్తినప్పుడు నల్లబండగూడెం దగ్గర హైవే మీదికి వరద వచ్చింది, వాహనాలు నీళ్లపాలయ్యాయి. వరదలో మునిగిన బండిలో నీళ్లు ఆరిపోయాక కూడా కనెక్టర్ల లోపల రాగికి పచ్చటి చిలుము పడుతుంది. స్కానర్ ఒక రోజు ఒక తప్పు, మరునాడు ఇంకో తప్పు చూపుతుంది. ప్రతి కనెక్టరూ ఊడదీసి, శుభ్రం చేసి, ఆరబెట్టి మళ్లీ బిగించడం తప్ప దారి లేదు. అలాంటి పనికి పాత చేతులే కావాలి.

ఈ వరుసలో తాజాగా చేరిన వాహనం పిల్లల క్వాడ్ బైక్. నాలుగు చక్రాల వాహనంగా సుజుకి 1982లో క్వాడ్‌రన్నర్ తెచ్చింది, త్వరలోనే పిల్లల కోసం 50 సీసీ నమూనా కూడా చేసింది. ఆ తర్వాత చైనా ఫ్యాక్టరీలు ఆ తరహా చిన్న బండ్లను చవకగా ప్రపంచమంతా పంపాయి. వాటి ఇంజిన్లలో ఎక్కువ భాగం హోండా పాత అడ్డ సిలిండర్ ఇంజిన్ వంశానివే, చాలావాటిలో వైర్ల రంగులు కూడా హోండావే. అంటే హీరో హోండా మీద నేర్చుకున్నవారికి దీని వైరింగ్ చదవడం కొత్త కాదు. పచ్చ ఎర్త్, ఎరుపు బ్యాటరీ, నలుపు తాళం తర్వాతది, నలుపు-తెలుపు చారల వైరు ఇంజిన్‌ను ఆపేది.

కొత్తగా నేర్చుకోవాల్సింది కాపలా స్విచ్చులు. పిల్లవాడు పడిపోతే ఇంజిన్ ఆగేలా తాడుతో లాగే స్విచ్చి, బ్రేకు నొక్కితే తప్ప సెల్ఫ్ తిరగకుండా చేసే స్విచ్చి, న్యూట్రల్ స్విచ్చి, కొన్నింటిలో రిమోట్‌తో ఆపే పెట్టె. బండి కదలకపోతే బ్యాటరీ వోల్టేజి, ఫ్యూజు, ఎర్త్ చూశాక, ఈ స్విచ్చులు ఒక్కొక్కటీ తమ పని చేస్తున్నాయో లేదో మీటరుతో పరీక్షించాలి. సెల్ఫ్ తిరుగుతూ ఇంజిన్ లేవకపోతే సీడీఐ దగ్గర నలుపు-తెలుపు వైరును కాసేపు ఊడదీసి చూడవచ్చు. అప్పుడు నిప్పురవ్వ వస్తే తప్పు సీడీఐది కాదు, ఆపే దారిలోని స్విచ్చుది. తప్పు దొరికాక ఆ స్విచ్చిని మార్చాలి. వైరు ఊడదీసి వదిలేస్తే బండి నడుస్తుంది గానీ తాడు లాగినా ఆగదు. పిల్లవాడి ప్రాణానికి ఉన్న ఒకే అడ్డు అది కాబట్టి ఈ పనిలో సర్దుబాటుకు తావు లేదు.

బ్యాటరీతో నడిచే క్వాడ్ బైకుల్లో నిప్పురవ్వ ఉండదు. పెద్దవాటికి మూడు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి 36 వోల్టులు, ఒక కంట్రోలర్, చేతి యాక్సిలరేటర్ ఉంటాయి. చిన్న బొమ్మ బండ్లకు 6 లేదా 12 వోల్టులు చాలు. వీటిలో ఎక్కువగా చచ్చేది బ్యాటరీయే. సెలవులయ్యాక ఛార్జి చేయకుండా నెలలు పక్కన పడేస్తే లోపలి పలకలకు సల్ఫేట్ గట్టిగా పేరుకుంటుంది, తర్వాత ఎంత ఛార్జి పెట్టినా పట్టదు. మూడు బ్యాటరీల్లో ఒకటే చెడితే మిగతా రెండూ దాని వెంటే పాడవుతాయి కాబట్టి విడివిడిగా కొలవాలి. యాక్సిలరేటర్‌కు కంట్రోలర్ నుంచి దాదాపు 5 వోల్టులు వెళ్లాలి, తిప్పేకొద్దీ తిరిగొచ్చే వోల్టేజి పెరగాలి. పెరగకపోతే యాక్సిలరేటర్ మార్చాలి. పెరుగుతున్నా మోటారు కదలకపోతే బ్రేకు స్విచ్చి నొక్కుకుపోయిందేమో చూసి, ఆ తర్వాతే కంట్రోలర్ మీదికి పోవాలి.

వైరింగ్ బాగైన క్వాడ్ బైక్‌ను హైవే సర్వీసు రోడ్డు మీద నడిపించకూడదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం 50 సీసీ లోపు గేర్లు లేని బైకుకే 16 ఏళ్లు నిండాలి, మిగతా బైకులకు, కార్లకు 18. పిల్లలు మోటారు వాహనం నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా విధించే సెక్షన్ 2019 సవరణతో వచ్చింది. అమెరికాలో 1988లో ప్రభుత్వ సంస్థతో కుదిరిన ఒప్పందంతో క్వాడ్ బైకుల తరహాలోనే ఉండే మూడు చక్రాల బండ్ల (ఏటీవీల) అమ్మకం ఆపేశారు. అక్కడి పిల్లల వైద్యుల సంఘం 16 ఏళ్ల లోపు వారు నాలుగు చక్రాల వాటిని కూడా నడపవద్దని చెబుతుంది. ఇక్కడ కంచె వేసిన ఖాళీ స్థలంలో, హెల్మెట్‌తో, పెద్దల కళ్లముందు, వేగం తగ్గించే మరను బిగించి నడిపించడం వరకే దానికి చోటు. చాలా నమూనాల్లో ఆ మర యాక్సిలరేటర్ దగ్గరే ఉంటుంది. బండి వైరింగ్ చూసినప్పుడే దాన్ని, తాడు స్విచ్చిని, రెండు బ్రేకులను కూడా చూసి ఇవ్వడం మిస్త్రీ పనిలో భాగం.